ఓబుళమ్మ గర్భవతి అని మాకు తెలియదు

గువ్వలకుంట ఆరోగ్య కేంద్రంలో నర్సు కరుణమ్మ, ఓబుళమ్మ చేతికి బీపీ పట్టీ చుట్టింది గానీ గాలి కొట్టలేదు. ఆ గాలి కొట్టడానికి అయిదు నెలల ఎనిమిది రోజులు పట్టింది. ఈ ఆలస్యంలో ఎవరి తప్పూ లేదని తర్వాత విచారణలో తేలింది.

ఓబుళమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. నలభై ఒకటో ఏడు. ఇద్దరు కూతుళ్లూ అత్తారిళ్లలో ఉన్నారు. పెద్దది పద్మావతి ఒక బిడ్డ తల్లి కూడా. నాలుగు నెలలుగా నెలసరి రాకపోతే వయసు అయిపోయింది, ఆ బాధ వదిలిందిలే అనుకుంది ఓబుళమ్మ. కడుపులో ఏదో కదిలితే పచ్చి శనక్కాయలు ఎక్కువ తిన్నాననుకుంది. రెండు కాన్పులు చూసిన మనిషి గనక, మూడోసారి కదిలేసరికి గరిటె కింద పెట్టి నేరుగా ఆసుపత్రికి వచ్చింది.

కరుణమ్మ ఆమె పొట్ట మీద చెయ్యి ఆనించి చూసింది.

"ఓబుళక్కా, ఇది గ్యాసు కాదు."

"నేనూ అదే అనుకున్నా."

కరుణమ్మ ఆమె చేతికి పట్టీ చుట్టి, కంప్యూటరు ముందు కూర్చుని పేరు, ఊరు, వయసు కొట్టింది. ఆ నెల నుంచే కొత్తగా ఒక ప్రశ్న వచ్చి చేరింది అందులో. ఈ గర్భం అనుకున్నదా, అనుకోకుండా వచ్చిందా అని. అప్పటికి మండలంలో అరవై ముగ్గురు ఆడవాళ్లను ఆ ప్రశ్న అడిగారు. అరవై ముగ్గురూ దేవుడిచ్చినాడు అన్నారు. దేవుడు అనుకోకుండా ఏదీ చేయడు కాబట్టి కరుణమ్మ అన్నిటికీ 'అనుకున్నదే' అని పెడుతూ వచ్చింది. ఓబుళమ్మకు అడిగినదానికి జవాబు చెప్పే అలవాటుంది.

"యాడ అనుకుంటి కరుణా. అనుకోలేదు."

కరుణమ్మ రెండో గడి నొక్కింది. తెర ఎర్రబడి కీచుమంది. పక్క గదిలోంచి డాక్టరు దత్తాత్రేయ చెప్పులు లేకుండా వచ్చాడు. ఆయన మంచివాడు. రోగమంటే భయం లేదు, కాగితమంటే ఉంది.

"గాలి కొట్టినావా?" అన్నాడు.

"లేదు సార్."

"బతికినాం. పట్టీ విప్పు."

సంగతేమంటే, అనుకోకుండా గర్భం వచ్చిన ఒక తల్లి కథను చలనచిత్రంగా తీయాలని పైనవాళ్లు సంకల్పించారు. పేరు 'మాతృమూర్తి మనోవ్యథ'. అంతకు మునుపు నీళ్ల విరేచనాల మీద ఇలాగే ఒక చిత్రం తీస్తే, రోగిగా వేసిన మనిషికి విరేచనాలు లేవని ఆడిట్ వాళ్లు అభ్యంతరం పెట్టారు. అందువల్ల ఈసారి నటన కూడదన్నారు. ఏడో నిబంధన ప్రకారం తల్లి నిజంగా గర్భవతి అయి ఉండాలి, ప్రతి సంఘటనా మొట్టమొదటిసారి కెమెరా ముందే జరగాలి. జరిగినదాన్ని మళ్లీ జరిపించరాదు. మొదటి పరీక్ష, కార్డు ఇవ్వడం, భర్తకు తెలియడం, ఊరికి తెలియడం, తల్లి మథనపడడం, నిర్ణయం తీసుకోవడం, కాన్పు, అన్నీ వరుసగా. రెండో గడి పడిన మొట్టమొదటి మనిషే ఆ తల్లి.

"అయితే ఈ కెమెరా ఎప్పుడొస్తాది సార్?"

"వస్తుందమ్మా. ఫైలు నడుస్తోంది."

"అంతవరకు నేనేమైతా?"

డాక్టరు నిబంధనలు తిరగేసి చూశాడు. "అంతవరకు మీరు సాధారణ మహిళ," అన్నాడు.

ఓబుళమ్మ లేవలేదు. రెండో కాన్పులో ఆమెకు రక్తం ఆగలేదు. టౌన్ ఆసుపత్రిలో రెండు సీసాలు ఎక్కించి, ఇక కడుపు పండిందా, మొదటి నెల నుంచే మా చేతిలో ఉండాలి, లేకపోతే దక్కవు అని చెప్పి పంపారు. ఆ ఆసుపత్రిలో కార్డు లేనివాళ్లను గేటు దగ్గరే ఆపుతారు. కార్డు రాయాలంటే మొదటి పరీక్ష జరగాలి.

"కార్డు ఒగటి ఇచ్చేయండి సార్. సినిమా మీ ఇష్టమొచ్చినప్పుడు తీసుకోండి."

"కార్డు ఇవ్వడం పదిహేడో దృశ్యంలో ఉందమ్మా," అన్నాడు డాక్టరు బాధగా.

సాయంత్రం మేకకు తుమ్మకాయలు వేస్తున్న మొగుడి దగ్గరికి పోయి ఓబుళమ్మ సంగతి చెప్పింది. సుబ్బన్న మాటలు తక్కువ మనిషి. మేక తినేదాకా చూశాడు.

"కందామా?" అన్నాడు.

"కందాం."

"నీకు పానం బాగుంటాదా?"

"కార్డు ఇస్తే బాగుంటాది."

వాళ్లిద్దరి మధ్య జరిగింది అంతే. మరునాడు సుబ్బన్న అరకిలో ఖర్జూరం తెచ్చి ఆమె చూసేచోట పెట్టి పోయాడు.

మూడోనాడు జిల్లా ప్రచార అధికారి అనంతశయనం జీపులో వచ్చాడు. తెల్లచొక్కా, జేబులో మూడు రంగుల పెన్నులు. ఓబుళమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని స్క్రిప్టు తెరిచాడు.

"అమ్మా, మీ శ్రీవారికి ఈ విషయం తెలియలేదు గదా?"

"చెప్పినా సార్."

అనంతశయనం ఎర్ర పెన్ను తీసి, మూత పెట్టి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "పద్దెనిమిదో దృశ్యం భగ్నమైంది," అన్నాడు. తర్వాత చాలాసేపు ఆలోచించి, తెలియడం వేరు, అధికారికంగా తెలియడం వేరు అన్నాడు. సుబ్బన్న చేత ఒక కాగితం రాయించాడు. 'నా భార్య ఓబుళమ్మ గర్భవతి అని నాకు తెలియదు. ఇక మీదట తెలిసినా, చిత్రీకరణ వరకు తెలియనట్టే మసలుకొందును.'

"అయినా పద్దెనిమిది కాపాడి పందొమ్మిది వదిలేస్తే లాభం లేదు. ఊరి సంగతేమిటి?"

"ఊర్లో ఎవురికీ తెల్దు సార్," అంది ఓబుళమ్మ. అది నిజం.

"దానికి ఆధారం ఉండాలి గదమ్మా."

ఆధారం కోసం పంచాయతీ కార్యదర్శి మరునాడు పొద్దున్నే ఇంకు డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి గడప దగ్గరా నిలబడి, నిబంధన ప్రకారం గట్టిగా చదివి వినిపించాడు, 'ఓబుళమ్మ గర్భవతి అని మాకు తెలియదు' అని. చదివినచోటల్లా ఒక వేలిముద్ర తీసుకున్నాడు. పదకొండు గంటలకల్లా ఊళ్లో తెలియనివాళ్లు ఎవరూ మిగల్లేదు. తెలియదని అందరి ముద్రలూ పడ్డాయి. వీరన్న తాత ఒక్కడు అడ్డం తిరిగాడు.

"నాకు నిజంగానే తెల్దు నాయనా. ఇప్పుడు నువ్వు చదివితే తెలిసె. తెలిసినాక తెల్దని ఎట్ల ముద్ర ఏసేది?"

"నిన్నటి తేదీ వేసుకుంటాం తాతా."

"నిన్నయితే తెల్దు. అట్లయితే ఏస్తా," అని తాత బొటనవేలు చాచాడు.

ఆనాటి నుంచి ఓబుళమ్మను ఎవరూ బాగుండావా అని గూడా అడగలేదు. ముద్ర వేసిన మాట మీద నిలబడే ఊరు అది. కుళాయి దగ్గర ఆమె బిందె మాత్రం ఎవరో ఒకరు ఎత్తుకొచ్చి ఇంటి ముందు దించి పోయేవాళ్లు. పక్కింటి రామలక్ష్మమ్మ ఒక మధ్యాహ్నం గిన్నె కొంగు చాటున పెట్టుకొచ్చింది.

"ఏం వదినా, నీకు ఏం లేదంటనే?"

"ఏం లేదు వదినా."

"ఏం లేనోళ్లకు నోరు చప్పగా ఉంటాది. చింతకాయ తొక్కు తెచ్చినా, తిను."

నెల గడిచింది. కెమెరా రాలేదు. అడగడానికి ఓబుళమ్మ వారం వారం ఆరోగ్య కేంద్రానికి పోయేది. పైన ఇరవై ఆరో దృశ్యం దగ్గర చిక్కుపడిందని డాక్టరు చెప్పాడు. అది తల్లి నిర్ణయం తీసుకునే దృశ్యం. కుటుంబ నియంత్రణ విభాగంవారు, ఆ సమయంలో తల్లి ముఖంలో పశ్చాత్తాపం కనబడాలన్నారు. మాతా శిశు విభాగంవారు ఆనందం తప్ప మరేదీ కనబడరాదన్నారు. ఒక విభాగం ఉత్తరం రాస్తే రెండో విభాగం దానికి ప్రతి జోడించి తిప్పి పంపింది. సగం పశ్చాత్తాపం, సగం ఆనందం అని ఎవరో రాజీ సూచిస్తే, ఏది ముందు అన్నదాని మీద ఇంకో ఫైలు మొదలైంది.

ఈలోగా అనంతశయనం వచ్చి మనోవ్యథ ఎంతవరకు వచ్చిందో స్వయంగా పరిశీలించాడు.

"వ్యథ ఉందా అమ్మా?"

"ఉండాది సార్."

"మంచిది. ఏ విషయంలో?"

"కార్డు విషయంలో."

"అది స్క్రిప్టులో లేదు. బిడ్డను కందామా, వద్దా అని లోలోపల నలిగిపోతున్నారా లేదా?"

"అది ఆ పొద్దే అయిపోయె సార్. మేక కాడ."

అనంతశయనం మేకను చూశాడు. మేక గురించి నిబంధనల్లో ఏమీ లేదు. "ఆ నిర్ణయాన్ని తాత్కాలికంగా నిలుపుదల చేద్దాం," అన్నాడు.

ఆరో నెల వెళ్లాక ఓబుళమ్మకు వంగితే కళ్లు తిరగడం మొదలైంది. బడిలో అన్నం గిన్నె దించబోయి గోడ పట్టుకుని నిలబడింది. కరుణమ్మ దారిలో ఆగి, ముట్టుకోకుండా, ఎండలోకి తిరగమని కళ్లు చూసింది. కంటి కింద రెప్ప సున్నం కొట్టినట్టుంది. గర్భిణులకిచ్చే మాత్రలు కార్డు లేకుండా ఇవ్వడానికి లేదు. కరుణమ్మ బడిపిల్లల ఇనుము మాత్రలు ఒక పొట్లం కట్టి ఇచ్చి, రిజిస్టరులో 'ఓబుళమ్మ, ఎనిమిదో తరగతి' అని రాసింది. ఆ ఉద్యోగంలో ఆమె రాసిన మొదటి అబద్ధం అదే. రాశాక చెయ్యి కడుక్కుంది.

సుబ్బన్న ఇక ఊరుకోలేక ఆమెను టౌనుకు, ప్రైవేటు డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. స్కానింగ్ చేయాలంటే కంప్యూటరులో ఓబుళమ్మ ఆధార్ నంబరు కొట్టాలి. కొడితే 'చిత్రీకరణకు కేటాయించబడినది, తాకరాదు' అని వచ్చింది. డాక్టరమ్మ చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది.

"మీకు ఏమీ లేదమ్మా," అంది.

"ఏడో నెల మేడమ్."

"తెలుస్తూనే ఉంది. కానీ ఏమీ లేదు."

వాళ్లు తిరిగి వచ్చేసరికి ఆరోగ్య కేంద్రంలో ఒక ఉత్తరం కాచుకుని ఉంది. స్క్రిప్టు ప్రకారం మొదటి పరీక్ష నాటికి తల్లికి నాలుగో నెల. ఆలస్యం వల్ల దృశ్యాల కొనసాగింపు దెబ్బతినే ప్రమాదం ఉందని పైనవాళ్లు గుర్తించారు. డాక్టరు దత్తాత్రేయ తలెత్తకుండా చదివాడు. 'కావున తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు సదరు గర్భమును నాలుగవ నెల స్థాయిలోనే యథాతథముగా నిలుపుదల చేయించవలసినది. ఉల్లంఘన జరిగినచో సంబంధిత వైద్యాధికారి బాధ్యుడగును.'

ఓబుళమ్మ వాచిన కాళ్లు బెంచీ మీదికి చాపుకుంది. "నా చేతిలో ఉంటే ఆపేదాన్నే సార్. మోకాళ్లు పీకుతాండాయి."

"ప్రయత్నం జరుగుతోందని రాస్తాను."

"రాయండి. లోపల దానికి గూడా సదివి ఇనిపిస్తా."

డాక్టరు అదీ రాశాడు. పదిరోజుల తర్వాత జవాబు వచ్చింది. ప్రయత్నాన్ని అభినందించారు. ఫలితం వారం వారం తెలియజేయమన్నారు.

ఓబుళమ్మ ఆ రోజుల్లో మాట్లాడ్డం తగ్గించింది. అనంతశయనం వచ్చినప్పుడల్లా స్క్రిప్టు మొదట్నుంచి చదివి వినిపిస్తుంటే, బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేది. ఏ దృశ్యం తర్వాత ఏది, ఎవరు ఏం చెప్పాలి, అన్నీ ఆమెకు నోటికి వచ్చేశాయి. ఒకరోజు ఏరడం ఆపి అడిగింది.

"ఒగొగ దృశ్యం ఎంతసేపు ఉండాలని ఏమన్నా రాసినారా సార్?"

అనంతశయనం వెతికి చూశాడు. "రాయలేదమ్మా. ఎందుకు?"

"ఊరికే."

తొమ్మిది నిండాక కెమెరా వచ్చింది. రెండు విభాగాల తగవు తీరలేదు గానీ, ఆ వారంలో తీయకపోతే మంజూరు రద్దయిపోతుందట. ఆరోగ్య కేంద్రం ముందు షామియానా, దాని కింద బల్ల వేశారు. ఊరివాళ్లను తాడు వెనక నిలబెట్టారు. క్లాప్ కొట్టడానికి పైనుంచి ఒక సంయుక్త సంచాలకుడు వచ్చి మెత్తటి కుర్చీలో కూర్చున్నాడు. ఓబుళమ్మకు ఆ తెల్లవారుజాము నుంచే నడుములో పట్టుకుని వదులుతోంది. సుబ్బన్నకు, కరుణమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. కళ్ల ముందు సన్నగా మిణుగురులు తిరుగుతున్నాయి. పోయినసారి కూడా రక్తం పోయేముందు అలాగే తిరిగాయి.

అనంతశయనం ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

"అమ్మా, కొంచెం నాలుగో నెలలాగా నిలబడండి."

"ఎట్ల నిలబడేది సార్?"

"అనుమానంగా."

ఓబుళమ్మ బల్ల పట్టుకుని నిలబడింది. సంయుక్త సంచాలకుడు మాతృత్వం మీద నాలుగు మాటలు చెప్పబోతే, ఆమె కెమెరావాడి వైపు తిరిగింది.

"అది తిరుగుతాందా నాయనా?"

"తిరుగుతోందమ్మా."

"అయితే ఇంక ఆపొద్దు. మొదటిసారి జరిగేది ఒగసారే గదా. కరుణా, రా."

కరుణమ్మ పట్టీ చుట్టి, అయిదు నెలల ఎనిమిది రోజులుగా చేతిలోనే ఉండిపోయిన గాలి కొట్టింది. ముల్లు చూసి డాక్టరుకు చూపించింది. నూట డెబ్బై మీద నిలబడింది. డాక్టరు చెప్పవలసిన మాట మరిచిపోయాడు.

"నువ్వు తల్లివి కాబోతున్నావమ్మా, అని చెప్పండి సార్," అని అందించింది ఓబుళమ్మ.

"కాబోతున్నావమ్మా," అన్నాడు డాక్టరు.

"ఆశ్చర్యంగా ఉండాది సార్. కార్డు రాయండి."

డాక్టరు అనంతశయనం వైపు చూశాడు. అనంతశయనం స్క్రిప్టు చూశాడు. 'డాక్టరు చిరునవ్వుతో కార్డు రాసి ఇచ్చును' అని ఉంది. చిరునవ్వు ఒక్కటే కుదరలేదు. డాక్టరు కార్డు రాసి, ముద్ర కొట్టి, ఆమె చేతిలో పెట్టాడు. ఓబుళమ్మ దాన్ని రవికెలో దోపుకుని షామియానా అంచున నిలబడ్డ మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా, నేను కడుపుతో ఉండా."

"అట్లనా మే," అన్నాడు సుబ్బన్న. దుప్పటి, ఫ్లాస్కు, గుడ్డలసంచి అప్పటికే అతని భుజాన ఉన్నాయి.

"ఏమప్పా, నేను కడుపుతో ఉండా," అంది తాడు వెనక జనంతో.

"మాకు తెల్దు," అన్నారు ఊరంతా ఒక్క గొంతుతో.

అప్పుడు నొప్పి వచ్చింది. బల్ల అంచు పట్టుకుని, కింది పెదవి కరుచుకుని, కళ్లు మూసుకుని నిలబడింది. కెమెరావాడు మెల్లగా దగ్గరికి జరిగాడు. దాదాపు నిమిషం. అనంతశయనం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"వ్యథ," అన్నాడు గొంతు తగ్గించి.

ఓబుళమ్మ కళ్లు తెరిచింది. "నిర్ణయం అడగండి సార్. తొందరగా."

"నీ నిర్ణయమేమిటమ్మా?" అన్నాడు అనంతశయనం స్క్రిప్టు చూసి.

"కంటాండా."

"ఇది ఏ విభాగంవారి ముగింపు?" అని సంయుక్త సంచాలకుడు కుర్చీలోంచి అడిగాడు. కరుణమ్మ పొద్దున్నే పిలిపించి పెట్టుకున్న అంబులెన్సులోకి సుబ్బన్న ఆమెను ఎత్తి పడుకోబెట్టాడు. ఇరవై ఏడో దృశ్యం కాన్పు గనక కెమెరావాడు కూడా ఎక్కబోయాడు. కరుణమ్మ తలుపు వేసేసింది.

టౌన్ ఆసుపత్రి గేటు దగ్గర కార్డు అడిగారు. ఓబుళమ్మ తీసి ఇచ్చింది. ఈసారి మూడు సీసాల రక్తం పట్టింది. మూడో సీసా సగంలో ఉండగా ఆమె కళ్లు తెరిచి, బిడ్డ ఏదని అడిగింది. సుబ్బన్న గుడ్డలో చుట్టిన ఆడపిల్లను ఆమె పక్కన పెట్టి, బయటికి పోయి గోడ వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు.

చిత్రం పదకొండు నిమిషాలు వచ్చింది. రెండు విభాగాలూ ఆమోదించాయి. ఓబుళమ్మ పెదవి కరుచుకున్నది పశ్చాత్తాపమని ఒకరూ, ఆనందమని ఒకరూ రాసుకున్నారు. మరి గణాంకాలవాళ్లు ఊరుకోరు గదా. మొదటి పరీక్ష పది గంటల పది నిమిషాలకు, కాన్పు రెండు గంటలకు. గర్భకాలం మూడు గంటల యాభై నిమిషాలుగా నమోదైంది. అంతకన్నా తక్కువ కాలంలో ఎక్కడా పూర్తికాలేదని పైన గమనించారు. దీనికి 'గువ్వలకుంట నమూనా' అని పేరు పెట్టి, ఇకమీదట మండలంలో గర్భిణులందరికీ మొదటి పరీక్ష కాన్పు రోజునే జరపాలని ఉత్తర్వు తయారు చేశారు. లబ్ధిదారు సమ్మతి సంతకం ఒక్కటే తక్కువ.

అది తీసుకోవడానికి అనంతశయనం శాలువాతో సహా వచ్చాడు. ఓబుళమ్మ మంచం మీద కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. పుట్టింటికి వచ్చిన పద్మావతి గడపలో కూర్చుని ఉంది. ఆమెకు మళ్లీ మూడో నెల.

"ఇక్కడ పెట్టండమ్మా. మీ వల్ల ఎందరో తల్లులకు తొమ్మిది నెలల శ్రమ తప్పుతుంది."

ఓబుళమ్మ కాగితం అందుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. కూతురి వైపు చూసింది. బిడ్డను భుజం మార్చుకుంది.

"పెడతా సార్. ఒగ మాట తెలియాల. మీ అమ్మ మిమ్మల్ని ఎన్నాళ్లు మోసినాది?"

అనంతశయనం తెలియంది తెలిసినట్టు చెప్పే మనిషి కాదు. నిజాయతీగా ఆలోచించాడు.

"ఆ వివరం మా దగ్గర లేదమ్మా."

"ఆమె ఉండాదా?"

"ఉంది. ఊళ్లో."

"అయితే కనుక్కోని రాండి. ఆమె సంతకంతో తీసుకరాండి. అంతవరకు ఈ కాగితం నా కాడ పెండింగులో ఉంటాది," అని ఓబుళమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి దిండు కింద దోపింది.

అనంతశయనానికి ఇందులో అభ్యంతరకరమైనదేదీ కనిపించలేదు. నీలం పెన్ను తీసి, డైరీలో 'తల్లి నుంచి లిఖితపూర్వక వివరణ కోరవలెను' అని రాసుకుని జీపెక్కాడు.